గ్రీన్‌కార్డు, పీఆర్: ఊళ్ళో ఎన్నాళ్ళు ఉండొచ్చు?

తిరుపతి భవానీ నగర్‌లో అడగండి, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో అడగండి, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఒకటే మాట: "ఆరు నెలలకొకసారి పోయి మొగం చూపించి వస్తే చాలు, కార్డుకేం కాదు." కొడుకు డాలస్‌లో ఉన్నా, కూతురు టొరంటోలో ఉన్నా, అల్లుడు మెల్‌బోర్న్‌లో ఉన్నా ఇదే సూత్రం. మే నెలలో గంగమ్మ జాతరకు వస్తారు, ఊరగాయలు పెట్టుకుంటారు, వీలైతే బ్రహ్మోత్సవాలు కూడా చూసుకుంటారు. ఆరో నెల దాటకుండా చెన్నైలోనో బెంగళూరులోనో విమానం ఎక్కేస్తారు.

ఆ సూత్రం ఆ రూపంలో ఏ దేశపు చట్టంలోనూ లేదు. అమెరికా పౌరసత్వ నియమంలోంచి ఒక ముక్క, అమెరికా ప్రవేశ నియమంలోంచి 180 రోజులు, మన ఆదాయపు పన్ను చట్టంలోంచి 182 రోజులు, ఎవరో కెనడా నుంచి వచ్చినవాళ్ళు చెప్పిన రెండేళ్ళ లెక్క, ఇవన్నీ పెళ్ళి భోజనాల దగ్గర కలిసిపోయి తయారైన మాట అది. చాలాసార్లు దానివల్ల నష్టం జరగదు. జరిగినప్పుడు మాత్రం పెద్దదే జరుగుతుంది.

చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, నాలుగు వేర్వేరు ప్రశ్నలను మనం ఒకే ప్రశ్న అనుకుంటాం. శాశ్వత నివాసి (పర్మనెంట్ రెసిడెంట్, పీఆర్) అనే హోదా మీకు ఇంకా ఉందా? చేతిలో ఉన్న ప్లాస్టిక్ కార్డు గడువు మిగిలి ఉందా? ఆ కార్డుతో విమానం ఎక్కనిస్తారా? రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెడితే రోజులు సరిపోతాయా? హోదా ఉండి కార్డు గడువు తీరిపోవచ్చు. కార్డుకు ఇంకా ఏడేళ్ళు ఉండగానే హోదా పోవచ్చు. హోదా, కార్డు రెండూ భద్రంగా ఉండి కూడా పౌరసత్వం లెక్క మొదటికి రావచ్చు. ఎవరైనా "ఏం కాదు" అన్నప్పుడు ఈ నాలుగింటిలో దేనికి ఏం కాదంటున్నారో అడగాలి.

అమెరికా: రోజులు లెక్కపెట్టినా తేలని లెక్క

మనవైపు ఎక్కువమందికి ఉన్నది గ్రీన్‌కార్డే. అందులోనూ అమెరికా పౌరులైన పిల్లలు స్పాన్సర్ చేసి తెప్పించిన తల్లిదండ్రుల కార్డులు చాలానే ఉంటాయి. వీళ్ళ కష్టం వేరు. ఉద్యోగం చేసుకునే కొడుకు సెలవు మీద వచ్చి మూడు వారాల్లో వెళ్ళిపోతాడు, అతనికి ఈ గొడవ లేదు. పెద్దవాళ్ళకు ఇక్కడ ఇల్లుంది, తోటుంది, అలవాటైన డాక్టరున్నాడు, చుట్టుపక్కల మనుషులున్నారు. అక్కడ చలికాలం నాలుగు గోడల మధ్య గడవదు. కాబట్టి మనసంతా ఇక్కడ, కార్డు కోసం మాత్రం అక్కడ.

అమెరికా చట్టం అడిగేది సరిగ్గా ఆ మనసు గురించే. గ్రీన్‌కార్డు నిలవాలంటే ఏడాదికి ఇన్ని రోజులు ఉండాలన్న అంకె ఎక్కడా లేదు. దేశం బయటికి వెళ్ళింది తాత్కాలికంగానా, కాదా అన్నదే పరీక్ష. 1975లో ఆ దేశపు ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తేల్చిన కేన్ కేసు ఇందుకు పాత ఉదాహరణ. జమైకాలో వసతిగృహం నడుపుతూ, ఏడాదిలో పదకొండు నెలలు అక్కడే గడిపి, మిగతా కొద్దిరోజులు అమెరికాకు వచ్చిపోయే వ్యక్తి హోదాను వదులుకున్నట్టేనని బోర్డు తేల్చింది. ఏటా రావడం మానలేదు. అయినా నిలవలేదు.

ఆ తీర్పులో బోర్డు చూసిన సంగతులనే ఇప్పటికీ అధికారులు చూస్తారు. వెళ్ళడానికి ఫలానా పని అని చెప్పదగ్గ కారణం ఉందా? ఆ పని ఎప్పటికి ముగుస్తుందో అంచనా ఉందా? ఇల్లు, ఉద్యోగం, కుటుంబం ఎక్కడున్నాయి? "మా అమ్మకు ఆపరేషన్, కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది" అన్న జవాబుకు మొదలూ చివరా ఉన్నాయి. "అక్కడ బోరు కొడుతుంది సార్, అందుకే వచ్చేశాం" అన్నదానికి లేవు. విమానాశ్రయంలో తెలుగు దుబాసీ ముందు ఎంతో అమాయకంగా ఈ రెండో జవాబే చెప్పేస్తారు మన పెద్దవాళ్ళు.

మరి 180 రోజులు ఎక్కడి నుంచి వచ్చింది? వరుసగా 180 రోజులకు మించి బయట ఉండి వచ్చిన గ్రీన్‌కార్డుదారును చట్టం మళ్ళీ కొత్తగా ప్రవేశం కోరుతున్న వ్యక్తిగా చూస్తుంది. అంటే అధికారికి మామూలు కంటే ఎక్కువ ప్రశ్నలు వేసే అధికారం వస్తుంది. కార్డు పోయిందని కాదు. అలాగే 179వ రోజున దిగినంత మాత్రాన కార్డు భద్రమనీ కాదు. ఐదున్నర నెలలు తిరుపతిలో, పదిహేను రోజులు అమెరికాలో, మళ్ళీ ఐదున్నర నెలలు తిరుపతిలో అన్న పద్ధతి నాలుగేళ్ళు నడిస్తే, ఏ ఒక్క ప్రయాణమూ గీత దాటకపోయినా అన్నీ కలిపి చూసినప్పుడు కథ తెలిసిపోతుంది. అవతలివాళ్ళ కంప్యూటర్‌లో ప్రతి రాకా పోకా ఉంటుంది.

ఏడాది మాత్రం నిజంగానే గట్టి గీత. వరుసగా ఏడాది, అంతకు మించి బయట ఉంటే ఆ కార్డు ప్రవేశపత్రంగా పనికిరాదు, దాని మీద గడువు ఎంత మిగిలి ఉన్నా సరే. దీనికి ముందుచూపుగా చేసుకోవాల్సింది రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి ముందస్తు అనుమతి. ఐ-131 ఫారంతో అడగాలి. దరఖాస్తు పెట్టేనాటికి మనిషి అమెరికాలో ఉండి తీరాలి. తిరుపతి వచ్చాక గుర్తొచ్చి పెట్టడానికి లేదు. తర్వాత వేలిముద్రలు కూడా అక్కడే ఇవ్వాలి. అవి ఇచ్చేశాక బయల్దేరవచ్చు. పర్మిట్ చేతికి వచ్చేదాకా కాచుకోనక్కర లేదు, విదేశంలోని అమెరికా కాన్సులేట్ ద్వారా తీసుకునేలా కోరవచ్చు. మామూలుగా రెండేళ్ళకు ఇస్తారు. గత ఐదేళ్ళలో నాలుగేళ్ళకు పైగా బయటే ఉన్నవాళ్ళకు సాధారణంగా ఏడాదికి కుదిస్తారు. పొడిగింపు ఉండదు, కావాలంటే మళ్ళీ అమెరికా వెళ్ళి కొత్తది అడగాలి.

పర్మిట్ ఉంటే అధికారి ఏమీ అడగడని కాదు. ఇంతకాలం బయట ఉన్నారన్న ఒక్క కారణంతో మాత్రం హోదా వదులుకున్నారని అనలేడు. నా దృష్టిలో పెద్దవాళ్ళకు ఇంత పనికొచ్చే కాగితం ఇంకొకటి లేదు. అయినా చాలామంది దాని జోలికి పోరు. "అది పెడితే మనమే బయట ఉంటామని ఒప్పుకున్నట్టు కదా, అనుమానం రాదా" అని ఒక భయం. నిజానికి అది తిరిగి వస్తానని ముందే చెప్పి వెళ్ళడం.

పర్మిట్ లేకుండానే ఏడాది దాటిపోతే? కోవిడ్ కాలంలో ఇలా ఇరుక్కుపోయినవాళ్ళు ఎంతోమంది. 2020 మార్చిలో ఆగిన రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు పూర్తిగా మళ్ళీ మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో ప్రభుత్వం నడిపిన వందే భారత్ ప్రత్యేక విమానాలు, దేశాల మధ్య ఒప్పందంతో నడిచిన ఎయిర్ బబుల్ విమానాలు ఉన్నా, డెబ్బై ఏళ్ళవాళ్ళను ఆ పరిస్థితిలో ఎక్కించడానికి పిల్లలే ఒప్పుకోలేదు. ఇలాంటివాళ్ళ కోసం ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా ఉంది. వెళ్ళేటప్పుడు హోదా ఉందని, తిరిగి వచ్చే ఉద్దేశంతోనే వెళ్ళామని, ఆలస్యం మా చేతుల్లో లేని కారణాల వల్ల జరిగిందని కాన్సులేట్ ముందు కాగితాలతో రుజువు చేయాలి. మూడో అంశం దగ్గరే ఎక్కువ చిక్కు. తోట అమ్మకం ఆలస్యమైందంటే అది చేతుల్లో లేని కారణం కిందికి రావడం కష్టం.

ఇక పౌరసత్వం. ఆ ఆరు నెలల మాటకు అసలు పుట్టిల్లు ఇదే. మామూలుగా గ్రీన్‌కార్డు వచ్చాక ఐదేళ్ళు నిరంతర నివాసం, అందులో కనీసం 30 నెలలు దేశంలో భౌతికంగా ఉండటం అవసరం. పౌరులను పెళ్ళి చేసుకుని వారితో కలిసి ఉంటున్నవాళ్ళకు మూడేళ్ళు, 18 నెలలు. ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటి ఏడాదిలోపు ఉంటే నిరంతరత తెగిందని అనుకుంటారు, తెగలేదని మీరు రుజువులు చూపించుకోవచ్చు. ఏడాది నిండితే తెగినట్టే. రీఎంట్రీ పర్మిట్ ఉన్నా ఈ తెగడం ఆగదు. పర్మిట్ కాపాడేది గ్రీన్‌కార్డును, పౌరసత్వం లెక్కను కాదు. ఈ తేడా తెలియక పర్మిట్ మీద ఏడాదిన్నర ఉండి వచ్చి, ఐదేళ్ళు నిండగానే దరఖాస్తు పెట్టి తిరస్కరణ తెచ్చుకుంటారు. ఐదున్నర నెలల చొప్పున వచ్చిపోయేవాళ్ళకు నిరంతరత తెగకపోవచ్చు గానీ, 30 నెలలు ఎప్పటికీ పోగుపడవు.

కెనడా: ఇక్కడ అంకె ఉంది, అయినా తప్పుతారు

కెనడా పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. మనసు సంగతి అడగదు. ఐదేళ్ళలో 730 రోజులు దేశంలో ఉన్నారా, లేదా? వరుసగా ఉండనక్కర లేదు. ఒక రోజులో కొంత భాగం ఉన్నా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ఆరు నెలలకోసారి వెళ్ళాలన్న నియమం లేదు. మూడేళ్ళు ఏకబిగిన చిత్తూరులో ఉండిపోయినా మిగతా రెండేళ్ళు అక్కడ ఉంటే చాలు.

ఇంత సులువుగా ఉన్నా తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆ ఐదేళ్ళు ఏ ఐదేళ్ళు అన్న దగ్గర. కార్డు మీద ముద్రించిన ఐదేళ్ళు అనుకుంటారు. కాదు. అధికారి పరీక్షించే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టే ఐదేళ్ళు. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో ఒకవైపు నుంచి కొత్తవాళ్ళు చేరుతుంటే ఇంకోవైపు నుంచి పాతవాళ్ళు వెళ్ళిపోతున్నట్టు, రోజూ ఒక కొత్త రోజు లెక్కలో చేరుతుంది, ఐదేళ్ళ కిందటి ఒక రోజు జారిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకామె 2020, 2021 రెండు సంవత్సరాలూ పూర్తిగా కెనడాలో ఉంది. 731 రోజులు. 2022 మొదట్లో తిరుపతి వచ్చేసింది. 2024 డిసెంబరు ఆఖరులో తిరిగి వెళితే వెనక్కి ఐదేళ్ళలో ఆ రోజులన్నీ ఉన్నాయి, ఇబ్బంది లేదు. 2025 జూన్ ఆఖరులో వెళితే 2020 మొదటి సగం జారిపోయింది, సుమారు 550 రోజులే మిగిలాయి. "రెండేళ్ళు అక్కడే ఉన్నాను కదండీ" అని ఆమె అనేది నిజమే. ఆ రెండేళ్ళు పాతబడిపోయాయి, అంతే.

కొత్తగా పీఆర్ వచ్చినవాళ్ళకు ఐదేళ్ళు నిండకముందు లెక్క ముందుకు నడుస్తుంది. మిగిలిన కాలంలో 730 పూర్తి చేసే వీలు ఉందా అని చూస్తారు. 2023 జనవరి 10న పీఆర్‌గా కెనడాలో దిగి, నలభై రోజులుండి, ఉద్యోగం దొరక్క బెంగళూరు కంపెనీలో చేరిపోయిన కుర్రాడిని తీసుకోండి. ఇంకా 690 రోజులు కావాలి. 2028 జనవరి 10 నుంచి వెనక్కి లెక్కేస్తే అతను 2026 ఫిబ్రవరి మూడో వారానికల్లా అక్కడ ఉండాల్సింది. "కార్డు 2028 దాకా ఉంది కదా, నిదానంగా చూద్దాం" అనుకున్నవాళ్ళు ఆ గీతను చూసుకోకుండానే దాటేస్తారు.

బయట ఉన్న రోజులు కూడా కెనడాలో ఉన్నట్టు లెక్కకొచ్చే మార్గాలు కొన్ని ఉన్నాయి. కెనడా పౌరులైన భార్యతో లేదా భర్తతో కలిసి బయట ఉంటే ఆ రోజులు లెక్కకొస్తాయి. చిన్న పిల్లలకు పౌరులైన తల్లి లేదా తండ్రి వెంట ఉన్నా అంతే. ఇక్కడ మన పెద్దవాళ్ళు పొరబడతారు: కొడుకు పౌరుడైతే తల్లిదండ్రులకు ఈ మినహాయింపు వర్తించదు. పౌరుడైన కొడుకు ఏడాది సెలవు పెట్టి తిరుపతిలో అమ్మతో ఉన్నా అమ్మ లెక్కలో ఒక్క రోజూ చేరదు.

రెండో మార్గం, కెనడా కంపెనీ పూర్తికాల ఉద్యోగిని విదేశానికి పంపడం. పంపడం అన్నది ముఖ్యం. టొరంటో కంపెనీ జీతంతో, మీ ఇష్టం మీద ఇంటి దగ్గర్నుంచి పనిచేసుకోవడం అందులోకి రాదు. ఈ లెక్క కోసమే పేరుకో కంపెనీ పెట్టుకుని దాని ఉద్యోగినని చెప్పుకోవడాన్ని నియమాలు ముందే కాచుకుని ఉన్నాయి.

730 తగ్గితే పీఆర్ తనంతట తాను మాయమైపోదు. అధికారి నిర్ణయం తీసుకోవాలి, లేదా మీరే వదులుకోవాలి. కార్డు గడువు తీరడం కూడా హోదా పోవడం కాదు. కానీ గడువు తీరిన కార్డుతో చెన్నైలో విమానం ఎక్కలేరు. అప్పుడు పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్‌కు దరఖాస్తు పెట్టాలి, అక్కడే ఐదేళ్ళ లెక్క బయటపడుతుంది. కొత్త పీఆర్ కార్డును ఇండియా అడ్రసుకు పోస్టులో పంపరు. ట్రావెల్ డాక్యుమెంట్ తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ప్రవేశద్వారం దగ్గర హోదా లేదని తేల్చి ఉత్తర్వు ఇస్తే 30 రోజులే. మానవతా కారణాలు చూసే అధికారం వాళ్ళకుంది: తల్లిదండ్రుల జబ్బు, చూసుకునేవాళ్ళు వేరే లేకపోవడం, పిల్లల మంచిచెడ్డలు. స్విమ్స్‌లోనో రుయాలోనో జరిగిన వైద్యం కాగితాలు తేదీలతో సహా దాచుకున్నవాళ్ళకూ, నోటిమాటగా చెప్పేవాళ్ళకూ ఇక్కడ చాలా తేడా వస్తుంది.

మిగతా దేశాలు

ఆస్ట్రేలియాలో శాశ్వత వీసా దేశంలో ఉన్నంతకాలం శాశ్వతమే. అందులోని ప్రయాణ సౌకర్యానికి మాత్రం ఐదేళ్ళే. ఆ తర్వాత బయటికి వెళ్ళి రావాలంటే రెసిడెంట్ రిటర్న్ వీసా కావాలి. గత ఐదేళ్ళలో రెండేళ్ళు అక్కడ ఉంటే మరో ఐదేళ్ళకు ఇస్తారు. లేకపోతే ఉద్యోగం, వ్యాపారం, కుటుంబం లాంటి గట్టి బంధాలు చూపించుకోవాలి, వచ్చేది తక్కువ కాలానికి. గడువు తీరిన సంగతి చూసుకోకుండా పెళ్ళికి బయల్దేరి రావడం, తిరుగు ప్రయాణం రోజున తెలియడం, ఇదీ అక్కడివాళ్ళ మామూలు కథ. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో వీసా వివరాలు ఒక్కసారి చూసుకుంటే సరిపోతుంది.

బ్రిటన్‌లో శాశ్వత నివాస అనుమతి (ఐఎల్ఆర్) వరుసగా రెండేళ్ళకు మించి బయట ఉంటే రద్దవుతుంది. జర్మనీలో సెటిల్‌మెంట్ పర్మిట్ మామూలుగా ఆరు నెలలకే పోతుంది. అంటే మన ఊరి సూత్రం దాదాపు అచ్చంగా పనిచేసేది, ఎవరూ ఊహించని జర్మనీలో.

పుట్టింటికి పురుటికి వస్తే

ఈ మాట ఏ కన్సల్టెన్సీవాళ్ళూ తమంతట తాము చెప్పరు. అక్కడ అమ్మను పిలిపించుకునే వీలు లేక, ఆడపిల్లలు పురుటికి పుట్టింటికి రావడం ఇంకా ఉంది. తల్లికి గ్రీన్‌కార్డు ఉండి, తాత్కాలికంగా వచ్చినప్పుడు ఇక్కడ బిడ్డ పుడితే, ఆ బిడ్డకు వీసా లేకుండానే అమెరికా తీసుకెళ్ళే వీలుంది. షరతులు రెండు: బిడ్డకు రెండేళ్ళు నిండకముందే వెళ్ళాలి, పుట్టాక తల్లి లేదా తండ్రి అమెరికాకు తిరిగి వెళ్ళే మొదటి ప్రయాణంలోనే వెంట తీసుకెళ్ళాలి. బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి, ఉద్యోగంలో చేరి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వచ్చి తీసుకెళ్దామనుకుంటే ఆ దారి మూసుకుపోవచ్చు. జనన ధ్రువీకరణ పత్రం, బిడ్డకు ఇండియా పాస్‌పోర్టు, తల్లి కార్డు, ఇవి చూపించాలి. విమానం కౌంటర్‌లోని సిబ్బందికి ఈ నియమం తెలియక ఆపే ప్రమాదం ఉంది కాబట్టి ఎయిర్‌లైన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

కెనడా పీఆర్ తల్లిదండ్రులకు ఇక్కడ బిడ్డ పుడితే అలాంటి సదుపాయం లేదు. బిడ్డకు ఏ హోదా దానంతట రాదు, స్పాన్సర్ చేసి తెచ్చుకోవాలి. దానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలలు తల్లి ఇక్కడే ఉండిపోతే ఆమె 730 లెక్క కరుగుతూ ఉంటుంది.

కాగితాలు, కౌంటర్లు

రేణిగుంట నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్ళినా, చెన్నైకి కారు కట్టించుకున్నా, మీ హోదాను మొదట పరీక్షించేది ఆ దేశపు అధికారి కాదు, ఎయిర్‌లైన్ కౌంటర్‌లోని ఉద్యోగి. సరైన పత్రం లేని ప్రయాణికుణ్ణి తీసుకెళితే ఎయిర్‌లైన్‌కు జరిమానా పడుతుంది కాబట్టి అక్కడ బతిమాలి లాభం లేదు. కొండ మీద రద్దీలో పర్సు పోయి అందులో గ్రీన్‌కార్డు కూడా పోతే, పోలీసు ఫిర్యాదు కాపీతో పాటు ఐ-131ఏ దరఖాస్తు పెట్టి కాన్సులేట్ నుంచి విమానం ఎక్కనిచ్చే పత్రం (బోర్డింగ్ ఫాయిల్) తీసుకోవాలి. ఇది కూడా మామూలుగా ఏడాదిలోపు తిరిగి వెళ్ళేవాళ్ళకే. దర్శనానికి ఆధార్ చాలు, గ్రీన్‌కార్డు బ్యాంకు లాకర్‌లో ఉండనివ్వండి.

రోజులు రుజువు చేసుకోవడానికి పాస్‌పోర్టు ముద్రలను పూర్తిగా నమ్ముకోకూడదు, గ్రీన్‌కార్డుదారులకు అమెరికాలో ప్రతిసారీ ముద్ర పడదు. బోర్డింగ్ పాసులు, టికెట్ ఈమెయిళ్ళు, అక్కడి అద్దె, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోవాలి. తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రెన్యూవల్ చేయించుకున్నప్పుడు రద్దు చేసి తిరిగి ఇచ్చే పాత పుస్తకాన్ని పారేయకండి. పాత రాకపోకల ముద్రలన్నీ అందులోనే ఉంటాయి.

ఈ కాగితాల మధ్యలోనే మన పన్ను లెక్క దూరుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా 182 రోజులు ఇక్కడ ఉంటే మామూలుగా ఇండియా పన్ను నివాసి అవుతారు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన ఎన్నారైల విషయంలో 120 రోజుల గీత కూడా చూస్తారు. దీనికీ గ్రీన్‌కార్డుకూ సంబంధం లేదు. కానీ అమెరికా వైపు నుంచి ఒక సంబంధం ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం ఎక్కడ ఉన్నా ప్రపంచం మొత్తం మీది ఆదాయం అమెరికాకు చూపించాలి: తిరుచానూరు రోడ్డులో ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, చివరికి మామిడితోట రాబడి కూడా. వ్యవసాయ ఆదాయానికి ఇక్కడ ఆదాయపు పన్ను లేకపోవడం అక్కడ పట్టదు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు వేరే ఇవ్వాలి. పన్ను తగ్గుతుందని అమెరికాలో నాన్ రెసిడెంట్‌గా రిటర్ను వేస్తే, హోదా వదులుకున్నారనడానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టు.

వదులుకోవడం

విమానాశ్రయంలో అధికారికి అనుమానం వస్తే ఐ-407 ఫారం ముందు పెట్టవచ్చు. స్వచ్ఛందంగా హోదా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం అది. ఇరవై గంటల ప్రయాణం చేసి, బీపీ మాత్ర వేసుకోక, ఇంగ్లీషు సరిగా రాక, టెన్షన్‌లో పెద్దవాళ్ళు సంతకం పెట్టేస్తారు. పెట్టాల్సిన బాధ్యత లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరే హక్కు ఉంది, హోదా వదులుకున్నారని గట్టి సాక్ష్యంతో రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిది. ఈ ఒక్క సంగతైనా పిల్లలు ముందే చెప్పి, తెలుగులో ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపాలి.

అలాగని పోరాడటమే ఎప్పుడూ మంచిదని నేను అనుకోను. కార్డు పోతే ఎంత నష్టమన్నది అది ఎలా వచ్చిందన్నదాని మీద ఉంటుంది. ఉద్యోగం కేటగిరీలో ఇండియా క్యూలో ఏళ్ళ తరబడి నిలబడి తెచ్చుకున్నవాడికి అది పోతే మళ్ళీ ఆ క్యూ తలుచుకోవడమే భయం. అతను అమ్మ జబ్బుకు వచ్చినా సరే, ముందు పర్మిట్ సంగతి చూసుకుని రావాలి. పౌరులైన పిల్లల ద్వారా వచ్చిన తల్లిదండ్రులకు వార్షిక కోటా లేదు. ఇవాళ వదులుకున్నా, రేపు నిజంగా అక్కడ స్థిరపడాలనిపిస్తే పిల్లలు మళ్ళీ పిటిషన్ వేయవచ్చు. కెనడాలో ఇంత తేలిక కాదు, అక్కడ తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ లాటరీ మీద నడుస్తూ వచ్చింది. అయితే తల్లిదండ్రులు వచ్చి ఉండటానికి ఇచ్చే సూపర్ వీసా ఉంది, ఒక్కో రాకకు ఐదేళ్ళ దాకా ఉండవచ్చు. ఆ వీసా ఉన్న తల్లికి 730 రోజుల బెంగే లేదు.

ఏటా రెండు నెలలు మనవళ్ళను చూసి రావడమే కోరికైన దంపతులకు విజిటర్ వీసా చాలు. అది ఖాయంగా వస్తుందని చెప్పలేం, నిర్ణయం కాన్సులేట్ అధికారిదే. కానీ ఐ-407 దాఖలు చేసి, కార్డు తిరిగి ఇచ్చేసి, మేం ఇక్కడే ఉంటామని చెప్పి దరఖాస్తు పెట్టేవాళ్ళ మాటకూ చేతకూ పొంతన ఉంటుంది. ఇంట్లో కూర్చునే ఆ ఫారాన్ని అమెరికాకు పోస్టులో పంపవచ్చు, విమానాశ్రయంలో భయంతో పెట్టాల్సిన సంతకం కాదది.

వదులుకోవాలనుకుంటే ఏడేళ్ళలోపే ఆలోచించడం మేలు. గత పదిహేను పన్ను సంవత్సరాల్లో ఎనిమిదింట గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను అమెరికా పన్ను చట్టం దీర్ఘకాల నివాసులుగా లెక్కిస్తుంది. ఏడాదిలో ఒక్క రోజు కార్డు ఉన్నా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది, డిసెంబరులో దిగినవాళ్ళకు ఆ డిసెంబరే ఒక సంవత్సరం. వాళ్ళు హోదా వదిలేటప్పుడు 8854 ఫారం నింపాలి, నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే ఎగ్జిట్ టాక్స్ (హోదా వదిలి పోయేటప్పుడు వేసే పన్ను) కూడా పడవచ్చు. అంత ఆస్తి మాకెక్కడిది అని తోసిపుచ్చే ముందు, తాతల నాటి భూమి తిరుపతి చుట్టుపక్కల ఎక్కడైనా ఉంటే దాని ఇవాళ్టి ధర ఒకసారి కనుక్కోండి.